ఓడ పేరు, ఇంటిపేరు

ఈ ఏడాది బడి తెరిచిన వారంలోనే ఒక అవ్వ మనవడి చేయి పట్టుకుని మా ఆరో తరగతి గుమ్మం దాకా వచ్చింది. "వీడు ఉత్త ఎమ్డన్ సార్. ఇంట్లో ఎవురి మాటా వినడు. మీరే దారికి తేవాల" అని అప్పగించి వెళ్లింది. పిల్లవాడు బెంచీ మీద కూర్చున్నాడో లేదో అడిగేశాడు: "సార్, ఎమ్డన్ అంటే ఎవరు?"

ఉడుమలైపేట చుట్టుపక్కల ఈ మాట వినపడని వీధి లేదు. తమిళం మాట్లాడే ఇళ్లలోనూ అంటారు, తెలుగు మాట్లాడే మన ఇళ్లలోనూ అంటారు. గడుసువాణ్ని, ఎవరికీ చిక్కనివాణ్ని ఎమ్డన్ అంటాం. అందులో కాస్త కోపం ఉంటుంది, కాస్త మెచ్చుకోలు కూడా ఉంటుంది. మేమూ చిన్నప్పుడు ఆ మాట పడ్డవాళ్లమే. చాలామంది అది ఎవరో రాక్షసుడి పేరు అనుకుంటారు. నిజానికి ఎమ్డన్ ఒక ఓడ.

జర్మనీలో ఎమ్స్ నది ఒడ్డున ఎమ్డెన్ అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు పెట్టిన యుద్ధనౌకను 1908లో నీటిలోకి దించారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు అది తూర్పు సముద్రాల్లో ఉంది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దాన్ని ఒంటరిగా బంగాళాఖాతంలోకి నడిపించాడు. రెండు నెలల్లో ఇరవైకి పైగా వ్యాపార ఓడలను పట్టుకున్నాడు. చాలావాటిని ముంచాడు. ముంచే ముందు వాటిలోని మనుషులను దించి క్షేమంగా పంపేవాడని శత్రువులు కూడా ఒప్పుకున్నారు.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో సెర్చిలైట్లు వేసి, రేవు దగ్గరున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను పేల్చింది. అరగంటలోపే వందకు పైగా గుళ్లు కాల్చి చీకట్లోకి వెళ్లిపోయింది. కనీసం ఐదుగురు చనిపోయారు. చమురు మంటలు ఊరంతా చూసింది. మర్నాటి నుంచి వేలమంది సామాన్లు కట్టుకుని మద్రాసు వదిలారు. హైకోర్టు ప్రహరీ దగ్గర గుండు పడినచోట పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది. ఊరు వదిలి వచ్చినవాళ్లతో ఆ పేరు జిల్లాలన్నీ తిరిగింది. వంద ఏళ్లు దాటినా ఉడుమలైపేట అవ్వ నోట్లో ఉంది.

ఆ ఓడ మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. 1914 నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని చిత్తుగా కొట్టింది. ఎమ్డెన్‌లో ఉన్నవాళ్లలో 130 మందికి పైగా పోయారు. ఓడ దిబ్బకు ఎక్కి తుక్కు అయింది.

పిల్లలు "అంతేనా సార్?" అన్నారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

జర్మనీవారు 1916లో మరో యుద్ధనౌకకు ఎమ్డెన్ అని పేరు పెట్టారు. మొదటి ఓడకు దక్కిన ఐరన్ క్రాస్ పతకం గుర్తును దాని ముక్కు మీద అమర్చారు. 1925లో ఇంకొక ఎమ్డెన్ వచ్చింది. ఓడించిన ఆస్ట్రేలియావారు మొదటి ఎమ్డెన్ పేరు పలకను దాచి, 1933లో జర్మనీకి తిరిగి ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ ప్రభుత్వం మారింది, జెండా మారింది, నౌకాదళమూ కొత్తగా పుట్టింది. అయినా 1961లో ఒకటి, 1983లో మరొకటి అదే పేరుతో కొలువుకు చేరాయి. 2023లో ఇంకో కొత్త నౌకకు అదే పేరు పెట్టారు.

గెలిచిన సిడ్నీ పేరు కూడా అలాగే నడిచింది. రెండో సిడ్నీ 1941 నవంబరులో ఒక జర్మన్ నౌకతో పోరాడి, తనలో ఉన్న 645 మందితో సహా మునిగిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. ఆ పేరు పలకడానికే జనం ఏడ్చిన కాలం అది. అయినా ఆస్ట్రేలియావారు ఆ పేరును మూలన పెట్టలేదు. తర్వాత కూడా ఒకదాని వెంట ఒకటిగా ఓడలకు పెడుతూనే ఉన్నారు.

ఎమ్డెన్ కథలో పిల్లలకు అన్నిటికంటే నచ్చిన ముక్క వేరే ఉంది. మొదటి ఎమ్డెన్‌లో బతికి బయటపడ్డ నావికులకు జర్మనీ ఒక హక్కు ఇచ్చింది. వాళ్లు తమ ఇంటిపేరు చివర ఎమ్డెన్ అని చేర్చుకోవచ్చు. వాళ్ల పిల్లలకూ, మనవలకూ అది సంక్రమిస్తుంది. అంటే ఓడ పేరు ఇంటిపేరైంది.

ఆ మాట చెప్పగానే మేము పిల్లలను అడిగాం: "సరే, మీ ఇంటిపేర్లు చెప్పండి." తరగతిలో 23 మంది ఉన్నారు. తొమ్మిది మందే చెప్పగలిగారు. మిగిలినవాళ్లలో ఒకరు ఇనిషియల్ చెప్పారు, ఒకరు కులం పేరు చెప్పారు, ఒకరు "ఇంటి పేరు అంటే వీధి నంబరా సార్?" అన్నారు.

పిల్లల తప్పు లేదు. ఆంధ్రాలో, తెలంగాణలో మనిషి పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. ఇక్కడ తమిళనాడు పద్ధతి ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. మన పిల్లల హాజరు పట్టీలో, ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో ఎక్కడా ఇంటిపేరు ఉండదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దలు ఒకసారి బయటికి తీస్తారు, పని అయ్యాక మళ్లీ పెట్టెలో పెడతారు. కోయంబత్తూరు, మదురై సీమల్లో మన పెద్దలు వందల ఏళ్లుగా రాతలో లేని పేరును నోటితోనే నిలుపుకున్నారు. ఇప్పుడు ఆ నోళ్లు ఒక్కొక్కటీ తగ్గుతున్నాయి.

ఇంటిపేరు పోతే ఏమవుతుందని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. జవాబు వెంటనే తోచలేదు. పేరు ఎందుకు అప్పగించాలో, ఎలా అప్పగించాలో మాకంటే బాగా తెలిసినవాళ్లు నౌకాదళంవాళ్లే అనిపించింది. మన పిల్లలకు అది దూరపు సంగతి కూడా కాదు. అమరావతి నగర్ సైనిక్ స్కూల్ 1962 నుంచి మన పక్కనే ఉంది. అక్కడి పిల్లలను యూనిఫాంలో మన బస్టాండులో చూస్తూనే ఉంటారు. అందుకని జర్మనీ నుంచి మన దేశపు ఓడల దగ్గరకు వచ్చాం.

విక్రాంత్ పేరు ఈ పిల్లలు విన్నారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొలువుకు చేరిన పెద్ద విమానవాహక నౌక అది. 262 మీటర్ల పొడవు, 45 వేల టన్నుల బరువు. మన దేశంలోనే కట్టిన మొదటి విమానవాహక నౌక. అయితే పాఠ్యపుస్తకం చదివిన ఒక అమ్మాయికి సందేహం వచ్చింది: "1971 యుద్ధంలో విక్రాంత్ ఉందని చదివాం కదా సార్?"

ఉంది. అది పాత విక్రాంత్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ హెర్క్యులిస్ అనే పేరుతో కట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడ. 1957లో మన దేశం కొని, పూర్తి చేయించి, 1961 మార్చి 4న విక్రాంత్ అని పేరు పెట్టి తెచ్చుకుంది. కొత్తదానిలో సగం బరువు కూడా ఉండదు. 1971లో పాకిస్తాన్ తన జలాంతర్గామి ఘాజీని పంపింది ఈ విక్రాంత్‌ను ముంచడానికే.

అప్పుడు విశాఖపట్నంలోని మన తూర్పు నౌకాదళం ఒక ఉపాయం పన్నింది. విక్రాంత్‌ను చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపేసింది. విశాఖ దగ్గర ఉన్న రాజ్‌పుత్ అనే పాత నౌకను విక్రాంత్‌లా నటించమంది. రాజ్‌పుత్ విమానవాహక నౌకలాగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. పెద్ద ఓడకు సరిపడా సరుకులు విశాఖలో పురమాయించారు. ఘాజీ విశాఖకే వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక తీరానికి దగ్గర్లోనే 90 మందికి పైగా నావికులతో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల అని మన నౌకాదళం చెబుతుంది. ఓడలోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ చెబుతుంది. ఏమైనా ఆ రాత్రి ఒక చిన్న ఓడ పెద్ద ఓడ పేరు మోసి దాన్ని కాపాడింది. విశాఖ సాగరతీరంలో ఆ విజయానికి స్మారకం ఉంది. ఆంధ్రాలో బంధువులున్నవాళ్లు సెలవుల్లో వెళ్లినప్పుడు పిల్లలకు చూపించవచ్చు.

తర్వాత ఏమైంది? పాత విక్రాంత్ 1997 జనవరి 31న సెలవు తీసుకుంది. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉంది. నిలబెట్టే ఖర్చుకు దారి దొరకక 2014లో వేలం వేసి విడగొట్టారు. దాని ఉక్కు కొంత కొని ఒక మోటారుసైకిల్‌లో కూడా వాడారు. ఓడను మనం నిలుపుకోలేకపోయామనే బాధ చాలామంది నావికులకు ఇప్పటికీ ఉంది.

పేరును మాత్రం జారవిడవలేదు. కొచ్చిలో కట్టిన ఓడకు విక్రాంత్ అని పేరు పెట్టడమే కాక, ఆర్ 11 అనే పాత సంఖ్యనే దాని మీద రాశారు. ఋగ్వేదం నుంచి తీసుకున్న పాత ధ్యేయవాక్యాన్నే ఇచ్చారు. పాత ఓడలో మోగిన గంటను ఎక్కడో అద్దాల బీరువాలో పెట్టి మరచిపోకుండా 2023లో కొత్త ఓడకు అప్పగించారు. 1961లో ఆ గంట విన్న నావికుడు ఇప్పుడు ముసలివాడై ఉంటాడు. కొత్త ఓడలో ఇరవై ఏళ్ల కుర్రవాడు అదే గంట వింటాడు.

రాజ్‌పుత్ పేరు కూడా నిలిచింది. 1980 మే 4న సోవియట్ యూనియన్‌లో కట్టిన కొత్త రాజ్‌పుత్ మన జెండా ఎత్తింది. 41 ఏళ్లు పనిచేసి, 2021 మే 21న అదే విశాఖపట్నంలో సెలవు తీసుకుంది.

ఖుక్రీ కథ ఇంకా బరువైనది. 1971 డిసెంబరు 9న దీవ్ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాన్ని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను ఓడను వదలకుండా దానితోనే మునిగిపోయారు. మన ఇళ్లలో అయితే అంత కష్టం జరిగిన పేరు మళ్లీ పెట్టడానికి జంకుతాం. నౌకాదళం 1989 ఆగస్టు 23న కొత్త నౌకకు ఖుక్రీ అనే పేరే పెట్టింది. 32 ఏళ్లు తిరిగి, 2021లో అది కూడా విశాఖలోనే సెలవు తీసుకుంది. ఇప్పుడు దాన్ని దీవ్‌కు ఇచ్చారు, మొదటి ఖుక్రీ మునిగిన సముద్రం వైపుకే.

ఇక మన నదుల పేర్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన నౌకాదళానికి వచ్చిన ఓడల్లో గోదావరి, కృష్ణా, కావేరి ఉన్నాయి. బ్రిటిష్‌వారు కృష్ణాను కిస్ట్నా అనీ, కావేరిని కావరీ అనీ రాసేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కొంతకాలానికి వాటిని మన పలుకుకు తగ్గట్టు దిద్దుకున్నారు.

గోదావరి కథ మమ్మల్ని ఆపేసింది. దేశ విభజనలో ఓడలను కూడా పంచుకున్నారు. 1943 నాటి గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయింది. వాళ్లు దానికి సింధ్ అని పేరు మార్చారు. ఓడ అటు వెళ్లింది, పేరు ఇటు మిగిలింది. 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక నౌకకు మన నౌకాదళం గోదావరి అని పెట్టుకుంది. ఆ ఓడకు అంతకుముందే రెండు పేర్లు ఉండేవి. యుద్ధంలో పోలండ్ నావికులు నడిపినప్పుడు ఒకటి, బ్రిటన్ చేతిలో ఉన్నప్పుడు మరొకటి. దాని కాలమూ తీరాక 1983 డిసెంబరు 10న మూడో గోదావరి వచ్చింది. దాని నమూనా ఇక్కడే గీశారు, ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టారు. 2015 డిసెంబరు 23 దాకా అది పనిచేసింది. కృష్ణా పేరు కూడా 1995లో బ్రిటన్ నుంచి కొన్న మరో నౌకకు వచ్చింది. 2012 దాకా కుర్ర నావికులు దాని మీద పని నేర్చుకున్నారు.

ఈ భాగం చెబుతున్నప్పుడు తరగతిలో ఒకడు అన్నాడు: "మనమూ అంతే కదా సార్. ఊరు అక్కడ ఉండిపోయింది, పేరు మనతో వచ్చింది." ఆరో తరగతి పిల్లవాడి మాట అది. మదురైలో నాయక రాజుల పాలన మొదలైన నాటి నుంచి, అంటే దాదాపు 500 ఏళ్లుగా, తెలుగు కుటుంబాలు ఈ సీమకు వస్తూ ఉన్నాయి. భూమి వెంట తేలేదు, ఇల్లు వెంట తేలేదు. ఇంటిపేరు తెచ్చుకున్నారు. కొన్ని ఇంటిపేర్లలో విడిచి వచ్చిన ఊరి పేరే దాగి ఉంటుంది. ఆ ఊరు ఎక్కడుందో ఈనాడు చెప్పగలిగేది ఆ ఒక్క మాటే.

ఓడల కథల్లో మేము గమనించింది ఒకటి ఉంది. పేరు దానంతట అది తర్వాతి ఓడకు దూకదు. ఎవరో ఒకరు గంట భద్రం చేస్తారు. ఎవరో పేరు పలక దాస్తారు. పాత ఓడ సెలవు తీసుకునే రోజున సూర్యాస్తమయానికి జెండా దించేటప్పుడు, అందులో పనిచేసిన పాతవాళ్లను పిలుస్తారు. వాళ్లు వచ్చి తమ రోజులు చెప్పుకుంటారు. కొత్త ఓడ ఎక్కిన కుర్రవాడికి తనకంటే ముందు ఆ పేరు మోసినవాళ్లు ఏం చేశారో నేర్పుతారు. ఆ పని జరగకపోతే విక్రాంత్ అనేది ఇనుము మీద రాసిన నాలుగు అక్షరాలు మాత్రమే.

మన ఇళ్లలోనూ తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది. తమిళంలో మనవణ్ని పేరన్ అంటారు, పేరు మోసేవాడు అని. పేరు పెట్టడం దాకా మనం బాగానే చేస్తున్నాం. ఆ తాత ఎవరు, ఏ పొలం దున్నాడు, ఏ మిల్లులో పనిచేశాడు, ఇంటిపేరు ఏమిటి అని చెప్పడం దగ్గర ఆగిపోతున్నాం. తాత పేరు ఉన్న పిల్లవాడికి ఆ పేరును తెలుగు అక్షరాల్లో రాయడం రాకపోతే, ఆ అప్పగింత సగమే జరిగినట్టు.

అందుకని ఈ పాఠం చివర ఒక ఇంటిపని ఇచ్చాం. తోటి ఉపాధ్యాయులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. మన ఇంటిపేరు ఏమిటి? నా పేరు అంతకుముందు ఎవరిది? వాళ్ల గురించి నీకు గుర్తున్న ఒక సంగతి చెప్పు. జవాబును తెలుగులో ఒక పేజీ రాయాలి. ఓడల కథకు పటం వాడితే చెన్నై, కోకోస్ దీవులు, విశాఖపట్నం, దీవ్, కొచ్చి గుర్తించడంతో భూగోళమూ అయిపోతుంది. చరిత్ర, భూగోళం, తెలుగు రాత మూడూ రెండు పీరియడ్లలో కుదిరాయి.

వారం తర్వాత 23 పేజీల్లో 20 చేతికొచ్చాయి. ఒక అమ్మాయి పేజీ వేరే చేతిరాతలో ఉంది. అడిగితే, "మా నాన్న రాశాడు సార్. ఆయనకు తెలుగు రాయడం మరచిపోయిందంట. నేను అక్షరాలు చెప్తే ఆయన రాశాడు" అంది. వంకర అక్షరాలతో తన తాత పేరు, ముందు ఇంటిపేరు రాసి ఉన్నాయి. మేము ఆ పేజీకి మార్కులు వేయలేదు. గోడకు అంటించాం.

మిగిలిన ముగ్గురి ఇళ్లలో చెప్పే పెద్దవాళ్లు లేరు. వాళ్ల కోసం దగ్గరి బంధువులకు ఫోన్లు చేయిస్తున్నాం. ఒక ఇంటిపేరు దొరికింది, రెండు దొరకాల్సి ఉంది. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, పిల్లవాణ్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టి ఇంటిపేరు రాయించండి. ఆ పేరు వెనక కథ ఉంటే అదీ రాయించండి. తెలుగులో రాయించండి. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు భద్రం చేయండి.

ఇక ఎమ్డన్ సంగతి. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి అవ్వతో, ఎమ్డన్ ఒక ఓడ అనీ, మునిగినా దాని పేరు చావలేదనీ చెప్పాడట. మరుసటి నెల పేరెంట్స్ మీటింగుకు ఆమె మళ్లీ వచ్చింది. "వీడు ఇప్పుడు ఇంట్లో అందరి ఇంటిపేర్లూ అడిగి రాస్తా ఉన్నాడు సార్. మా పుట్టింటి పేరూ రాసుకున్నాడు. నన్నెవురూ అడగలా ఇన్నాళ్లూ" అంది.